సముద్రం జిల్లా దాటినా వాగు నీరు ఆగలేదు

పీతల వేటకు కట్టుబాటు అవసరం
వేటగాడు, వ్యాపారి, మెట్ట రైతు కలిస్తేనే సాధ్యం

ప్రత్తిపాడు: జిల్లాల పునర్విభజన 2022 ఏప్రిల్ 4న అమలులోకి వచ్చి, బాపట్ల, రేపల్లె, నిజాంపట్నం ప్రాంతాలు కొత్త బాపట్ల జిల్లాలో చేరిపోవడంతో గుంటూరు జిల్లాకు సముద్రతీరం లేకుండా పోయిన సంగతి విదితమే. కాగితం మీద సముద్రం పొరుగు జిల్లాదయింది గాని నీటికి ఆ సంగతి తెలియదు. ప్రత్తిపాడు, పెదనందిపాడు, కాకుమాను మండలాల నల్లరేగడి చేల మీద కురిసిన వాన నల్లమడ వాగులో పడి బాపట్ల వైపు సాగి నేటికీ సముద్రానికే చేరుతున్నది. చేనులో పత్తికీ మిరపకూ కొట్టిన మందులో కొంత ఆ నీటి వెంటే పల్లానికి పోతుంది. ఆ పల్లంలో పీత, రొయ్య, గుల్ల పిల్లలు పెరిగే ఉప్పుటేర్లున్నాయి. వాటిని పట్టుకుని బ్రతికే కుటుంబాలున్నాయి.

రొయ్యలు, పీతలు అంటే తీరం వారి గొడవ అని మెట్ట గ్రామాల వారు అనుకోవడం సహజం. అయితే ఇటీవలి పరిణామాలు చూస్తే ఈ రెండు ప్రాంతాల కష్టసుఖాలు ఒకే తాడుకు కట్టి ఉన్నాయని అర్థమవుతుంది.

ఒక్క దేశం దెబ్బకు

అమెరికా ప్రభుత్వం 2025 ఆగస్టులో భారతదేశపు సరుకుల మీద రెండు విడతలుగా సుంకం పెంచి, 27వ తేదీ నాటికి 50 శాతానికి తీసుకుపోయింది. రొయ్యల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానంలో ఉన్న ఆంధ్రప్రదేశ్‌కు ఇది పిడుగుపాటు అయింది. చెరువుల గట్ల మీద ధరలు పడిపోయాయి. కొనేవారు కౌంటు చూసి పెదవి విరిచారు. సుంకాల సంగతి అటుంచితే, ఒకే రకం సరుకును ఒకే దేశానికి అమ్ముకుని బ్రతకడం ఎంత ప్రమాదమో ఆ నెలలో తేటతెల్లమయింది. ఒకే రకం మిరప వేసి ఒకే యార్డు వైపు చూసే రైతుకు ఈ బాధ కొత్తగా చెప్పనక్కరలేదు.

మరుసటి నెల సెప్టెంబరులో ఐరోపా దేశాల కూటమి భారతదేశంలోని మరో 102 మత్స్య ఎగుమతి యూనిట్లకు అనుమతి ఇచ్చింది. ఒక తలుపు మూసుకుంటే మరొకటి తెరుచుకున్నదని సంతోషించవచ్చు. కాని ఆ దేశాల వారు సరుకు ఎక్కడిది, ఎలా పట్టారు, దానిలో మందుల అవశేషాలున్నాయా అని అడిగి గాని కొనరు. కనుక చెరువు రొయ్యతో పాటు, ఏర్లలో సహజంగా పెరిగే పీత, గుల్ల వంటి సంపదను చెడగొట్టకుండా, లెక్కప్రకారం పట్టి, మంచి ధరకు అమ్ముకునే మార్గం ఉందా అన్న ప్రశ్న ముందుకు వచ్చింది.

మండపీత కథ

కృష్ణానది సముద్రంలో కలిసే చోట ఇరువైపులా మడ అడవులున్నాయి. నిజాంపట్నం, రేపల్లె ప్రాంతాల్లోని ఆ మడలలో మండపీత పుట్టినిల్లు కట్టుకుని ఉంటుంది. పాటు సమయంలో బొరియలు వెదికి ఇనుప కొక్కెంతో దానిని బయటికి లాగడం, ఎర కట్టిన చిన్న వలలు దించి పైకి తీయడం ఈ వేటలో పాత పద్ధతులు. యానాది కుటుంబాలు, పల్లెకారులు తరతరాలుగా ఈ వేట మీద బ్రతుకుతున్నారు. పడవ, మోటారు, డీజిలు అక్కరలేని వేట కనుక చేతిలో చిల్లిగవ్వ లేనివాడికి కూడ ఇది ఆధారం.

మండపీతకు బయటి దేశాల్లో మంచి గిరాకీ ఉన్నది. చచ్చిన పీతకు విలువ లేదు. అందుకే కాళ్లు కట్టి, తడి ఆరకుండా సర్ది, బ్రతికి ఉండగానే చెన్నై చేర్చి విమానాల్లో సింగపూర్, చైనా వంటి దేశాలకు పంపుతారు. బరువు పెరిగిన కొద్దీ కిలో ధర పెరుగుతుంది. చిన్న పీత తక్కువకు పోతుంది. అదే పీతను కొన్ని నెలలు ఏటిలో వదిలేస్తే బరువు పెరిగి అనేక రెట్లు ధర పలుకుతుంది. ఇది వేటగాడికి తెలియని విషయం కాదు. కాని తాను వదిలిన పీతను పక్కవాడు పట్టుకుంటాడన్న భయం ఉన్నంతకాలం ఎవడూ వదలడు.

పీత సంసారం కూడ చిత్రమైనది. ఆడపీత కడుపు మడత కింద లక్షలాది గుడ్లు మోస్తుంది. గుడ్లు పొదిగే సమయానికి ఏరు విడిచి సముద్రంలోకి పోతుంది. పిల్లలు అనేక దశలు మారి, ఉప్పు తగ్గిన నీటిని వెదుక్కుంటూ మళ్లీ ఏర్లలోకి, మడల్లోకి వస్తాయి. గుడ్లతో ఉన్న తల్లిని పట్టి అమ్మితే లక్షల పిల్లలు పోయినట్లే. ఏటిలో వాటి నోట విషం పడినా అదే ఫలితం. వేట వల్ల నష్టం ఒకటి, నీటి వల్ల నష్టం రెండవది. ఒకదానిని సరిచేసి రెండవదానిని వదిలివేస్తే ప్రయోజనం లేదు.

పీతల చెరువులు వేసేవారికి పిల్లలు కావాలి. కేంద్ర ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడాకు చెందిన రాజీవ్‌గాంధీ కేంద్రం తమిళనాడులో శీర్కాళి సమీపాన తొడువాయిలో మండపీత పిల్లలను ఉత్పత్తి చేసే కేంద్రాన్ని నడుపుతున్నది. పీతలు ఒకదానినొకటి తినే జాతి కావడంతో పిల్లలను పెంచి నిలబెట్టడం కష్టం. కేంద్రం పిల్లలు అందనప్పుడు చెరువుల వారి చూపు ఏటిలోని పిల్లల మీదనే పడుతుంది. దానితో ఏరు మరింత ఖాళీ అవుతుంది.

కొల్లం చెప్పే పాఠం

వేటగాడు, వ్యాపారి, ప్రభుత్వం కలిసి గుల్లల వేటను దారిలో పెట్టిన ఉదాహరణ దేశంలోనే ఉన్నది. కేరళలో కొల్లం దగ్గర అష్టముడి సరస్సులో పసుపు పాదం గల చిన్న గుల్లలు దొరుకుతాయి. 1981 ప్రాంతాల్లో వియత్నాం, థాయిలాండ్, మలేషియా దేశాలు ఈ మాంసం కొనడం మొదలుపెట్టాయి. అంతవరకూ ఇంటి కూరకూ సున్నానికీ పోయే గుల్ల ఒక్కసారిగా డాలర్ల సరుకయింది. 1991 నాటికి ఏటా 10 వేల టన్నులు తీసేశారు. 1993కు వచ్చేసరికి దిగుబడి సగానికి పడిపోయింది.

అప్పుడు కళ్లు తెరిచారు. గుల్లలు సంతానం పెట్టే డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వేట మానాలన్నారు. పిల్ల గుల్ల జారిపోయేటట్లు వల కన్ను పెద్దది చేయాలన్నారు. యంత్రాలతో తవ్వడం వద్దన్నారు. వీటన్నిటికీ మించి ఎగుమతి దగ్గర ఒక గీత గీశారు. కిలోకు 1400 ముక్కలకు మించి తూగే సన్న మాంసం ఎగుమతి చేయరాదన్నారు. రొయ్యల కౌంటు తెలిసిన ఆంధ్ర రైతుకు ఇది తేలికగా అర్థమవుతుంది. సరుకు చిన్నదైతే కౌంటు పెరుగుతుంది. కౌంటు పెరిగితే కొనేవాడు లేడు. కొనేవాడు లేనప్పుడు పట్టేవాడూ ఉండడు.

ఆ కట్టుబాటు ఇరవై ఏళ్లు నిలిచింది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు లెక్కలు కట్టారు. ప్రకృతి పరిరక్షణ సంస్థ ఒకటి అండగా నిలిచింది. మత్స్యకారులు, అధికారులు, శాస్త్రజ్ఞులు కలిసి కూర్చునే మండలి ఏర్పడింది. ఫలితంగా 2014 నవంబరులో ఈ గుల్లల వేటకు అంతర్జాతీయ సముద్ర సంరక్షక మండలి ధ్రువపత్రం లభించింది. భారతదేశంలో అటువంటి పత్రం పొందిన మొదటి వేట అదే. సుమారు 3 వేల మంది బ్రతుకు దాని మీద ఆధారపడి ఉన్నది.

కథ అక్కడితో సుఖాంతమయిందని చెప్పలేము. తరువాతి ఏళ్లలో అష్టముడిలో గుల్లలు మళ్లీ తగ్గాయి. వేట నియమాలు పాటించినా సరస్సు నీరు చెడిపోవడం, బయటి దేశాల నుంచి వచ్చిన ఒక జాతి ఆలిచిప్ప అల్లుకుపోవడం వంటి కారణాలు దెబ్బతీశాయి. గుల్లలను తిరిగి పెంచడానికి పరిశోధన సంస్థ తన కేంద్రంలో పుట్టించిన 30 లక్షల పిల్ల గుల్లలను సరస్సులో వదలవలసి వచ్చింది. పత్రం గోడకు వేలాడదీసినంత మాత్రాన నీరు బాగుపడదన్నది ఇందులో రెండవ పాఠం. బాపట్ల తీరానికి మొదటి పాఠం ఎంత అవసరమో, ప్రత్తిపాడు మెట్టకు ఈ రెండవ పాఠం అంత అవసరం.

పోలీసు కన్నా కాటా మేలు

సముద్రపు వేట మీద చట్టాలు లేకపోలేదు. రాష్ట్రంలో 1994 నాటి సముద్ర మత్స్యవేట క్రమబద్ధీకరణ చట్టం ఉన్నది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యంత్రపు పడవలు, మోటారు పడవలు వేటకు పోరాదు. ఆ రోజులకు ఇచ్చే భృతిని రాష్ట్ర ప్రభుత్వం 2025లో 10 వేల రూపాయల నుంచి 20 వేలకు పెంచింది. కాని ఈ నిషేధం కడలి మీద తిరిగే పడవలను ఉద్దేశించినది. మడలో కొక్కెం పట్టుకుని తిరిగే మనిషి వెంట ఏ అధికారి తిరగగలడు? తిరగడం న్యాయం కూడ కాదు.

సరుకు ఎన్ని చేతుల్లో పుట్టినా చివరికి కొద్దిమంది కాటాల మీదుగానే పోతుంది. కాబట్టి కట్టుబాటు పెట్టవలసిన చోటు కాటా. పెద్ద సముద్రపు రొయ్య లాబ్‌స్టర్ విషయంలో కేంద్రం 2003లో ఇదే చేసింది. జాతిని బట్టి 150 గ్రాముల నుంచి 500 గ్రాముల వరకు కనీస బరువులు నిర్ణయించి, అంతకు తక్కువైనవి ఎగుమతి చేయరాదని ఉత్తర్వు ఇచ్చింది. ఎగుమతి తలుపు దగ్గర ఇది పనిచేస్తుంది గాని, చిన్నవి ఊళ్లో అమ్ముడుపోయే దారి అలాగే ఉంటుంది. అందువల్ల ఉత్తర్వు ఒక్కటే చాలదు, తీరంలో కొనే ప్రతి వ్యాపారీ ఒప్పుకోవాలి.

కొనేవాడు పట్టుబడితే ఏమవుతుందో మరొక సంగతి చెబుతుంది. తాబేళ్లు తప్పించుకునే ఏర్పాటు వలల్లో లేదన్న కారణంగా అమెరికా 2019 నుంచి భారతదేశంలో సముద్రంలో పట్టిన రొయ్యలను కొనడం మానేసింది. తాబేలు బయటపడే కిటికీ గల వలను ఎంపెడా, కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారు చేసి ప్రయోగాలు జరిపాయి. ముందే మేలుకుని ఉంటే ఆ మార్కెట్టు పోయేది కాదు. మిరపలో మందు అవశేషాలున్నాయని తిరిగి వచ్చిన సరుకు చూసి, ఎగుమతిదారులే రైతుల దగ్గరకు వచ్చి సస్యరక్షణ పద్ధతులు చెప్పించిన అనుభవం గుంటూరు ప్రాంతానికి ఉన్నది. తీరంలోనూ వ్యాపారి తన అవసరం కొద్దీ కదిలే రోజు వచ్చింది.

పొత్తులో పొంచిన ముప్పు

కంపెనీతో పొత్తు అనగానే అంతా శుభమే అనుకోవడం పొరపాటు. ఈ తీరం ఒకసారి ఆ దెబ్బ తిన్నది. తొంభయ్యవ దశకం మొదట్లో టైగర్ రొయ్యల మోజులో వరిపొలాలు చెరువులయ్యాయి. తీరంలో దోమతెర వలలతో రొయ్య పిల్లలను వడగట్టి, అందులో పడిన తక్కిన జాతుల పిల్లలను గట్టు మీద పారబోశారు. 1994లో తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులు ఊడ్చుకుపోయాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరపు రొయ్యల చెరువుల మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో తీర జలసాగు ప్రాధికార సంస్థ చట్టం వచ్చేదాకా ఈ రంగానికి సరైన అజమాయిషీ లేదు. పెట్టుబడి ముందు పరుగెత్తి, కట్టుబాటు వెనుక నడిస్తే వచ్చే ఫలితం ఇదే.

రెండవ ముప్పు అప్పు. వ్యాపారి దగ్గర ముందుగా సొమ్ము తీసుకున్న వేటగాడు సరుకు అతనికే, అతను చెప్పిన ధరకే పోయాలి. కమిషన్ కొట్టులో పెట్టుబడి తెచ్చిన మిరప రైతు యార్డులో నోరు మెదపలేనట్లే, ఇతడూ కాటా ముందు మాట్లాడలేడు. అటువంటివాడికి చిన్న పీతను వదిలెయ్యమని చెప్పడం, పస్తుండమని చెప్పడం ఒక్కటే. కాబట్టి పీత పరిమాణం గురించి మాట్లాడే ముందు అప్పు గురించి మాట్లాడాలి. సహకార సంఘం ద్వారానో, బ్యాంకు ద్వారానో పాత బాకీ తీరే దారి చూపితేనే కట్టుబాటు నిలుస్తుంది.

మూడవది, మండలిలో ఎవరు కూర్చుంటారన్నది. కంపెనీ వారు, అధికారులు కుర్చీల్లో కూర్చుని, పీతలు పట్టేవారు గుమ్మంలో నిలబడితే అది పొత్తు అనిపించుకోదు. పీతలు వేరుచేసే ఆడవారికి కూడ అందులో స్థానం ఉండాలి. ఏది పిల్ల పీతో, ఏది నీటి పీతో, ఏది కండ పట్టిన పీతో చేత్తో నొక్కి చెప్పగలవారు వారే.

మెట్ట రైతు పాత్ర

ఇక ప్రత్తిపాడు వైపు చూద్దాం. పీత, రొయ్య శరీర నిర్మాణంలో పురుగులకు దగ్గరి చుట్టాలు. కాయతొలుచు పురుగును చంపే సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు, సైపర్‌మెత్రిన్ వంటివి, పీత పిల్లలకూ రొయ్య పిల్లలకూ అతి కొద్ది మోతాదులోనే ప్రాణాంతకం. చేపకు హాని చేసే ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో నిలిపివేసింది గాని, తక్కిన మందుల వాడకం ఆగలేదు.

ఈ మందుల చరిత్ర ఈ ప్రాంతపు పెద్దలకు కన్నీళ్లతో గుర్తున్నదే. ఎనభయ్యవ దశకంలో పత్తిలో పైరిత్రాయిడ్లు విపరీతంగా కొట్టారు. మిత్రపురుగులు చచ్చాయి, తెల్లదోమ బలిసింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు అప్పుల్లో కూరుకుపోయి ప్రాణాలు తీసుకున్నారు. 2002లో బీటీ పత్తి వచ్చి కాయతొలుచు పురుగు మందులు కొంత తగ్గినా, తరువాత గులాబిరంగు పురుగు తిరిగి వచ్చింది. 2021లో మిరప మీద నల్ల తామర పురుగు విరుచుకుపడినప్పుడు కనిపించిన మందునల్లా కలిపి కొట్టారు. పురుగు చావలేదు, పెట్టుబడి పోయింది. మందులు ముమ్మరంగా కొట్టే అక్టోబరు, నవంబరు నెలల్లోనే తుపాను వానలూ పడతాయి. వాన కడిగిన మందు వాగులో పడక ఎక్కడికి పోతుంది?

నేరమంతా మెట్ట రైతుదే అనడం అన్యాయం. దిగువ కాలువల్లో రొయ్యల చెరువుల మురుగు కలుస్తున్నది. పట్టణాల మురుగు కలుస్తున్నది. అయినా ఎవరి వంతు వారు దిద్దుకోవాలి. వాన మబ్బు పట్టినప్పుడు మందు కొట్టకపోవడం, పంపులు, డబ్బాలు వాగులో కడగకపోవడం, వాగు వెంట కొన్ని సాళ్లు మందు కొట్టకుండా గడ్డి కట్టు వదలడం ఖర్చు లేని పనులు. చేను చుట్టూ జొన్న, మొక్కజొన్న కంచె పంట, మధ్యలో బంతి, లింగాకర్షక బుట్టలు, జిగురు అట్టలు, వేప మందు గురించి లాం ఫారం శాస్త్రజ్ఞులు చెబుతూనే ఉన్నారు. వీటి వల్ల పీత బాగుపడటం తరువాతి మాట. ముందుగా రైతు మందుల ఖర్చు తగ్గుతుంది, మిరపలో అవశేషాలు తగ్గి ఎగుమతికి పనికివస్తుంది. తీరం వారికీ మెట్ట వారికీ ఒకే పనిలో లాభం కనపడటం అరుదు. ఇక్కడ అది ఉన్నది.

చేయవలసినదేమి?

బాపట్ల, గుంటూరు కలెక్టర్లు ఉమ్మడిగా పూనుకుని, నిజాంపట్నం తీరపు పీతల వేటకు ఒక మండలి ఏర్పాటు చేయవచ్చు. మత్స్యశాఖ, ఎంపెడా, సముద్ర మత్స్య పరిశోధన సంస్థతో పాటు వేట కుటుంబాలు, వ్యాపారులు, ఎగుమతిదారులు, నల్లమడ వాగు ఎగువ రైతులు అందులో ఉండాలి. మొదట రెండేళ్లు ఎన్ని పీతలు, ఎంత బరువువి, ఏ నెలలో పడుతున్నాయో కాటాల దగ్గర లెక్క రాయాలి. లెక్క లేకుండా నియమం పెడితే వేటగాడు నమ్మడు.

తరువాత ప్రతి కాటా దగ్గర ఒక ఇనుప వలయం ఉంచాలి. అందులోంచి దూరిపోయే పీతను ఎవరూ కొనరాదు. గుడ్లతో ఉన్న తల్లిని కొనరాదు. ఈ కట్టుబాటు పాటించిన సరుకుకు ఎగుమతిదారు కిలోకు కొంత ఎక్కువ ఇవ్వాలి. అందులో ఒక భాగం వేట మానిన రోజుల్లో కుటుంబాలకు అందే నిధికి జమ కావాలి. వదిలిన పీతకు ధర కట్టే ఏర్పాటు లేనిదే ఏ నీతి బోధా పనిచేయదు.

వాగు నీటిని ఏడాదికి రెండు మూడు సార్లు, ముఖ్యంగా మందుల కాలంలో, పెదనందిపాడు దగ్గర ఒకచోట, సముద్రం దగ్గర ఒకచోట పరీక్ష చేయించి ఫలితం పంచాయతీ బోర్డుల మీద రాయించాలి. బాపట్ల వ్యవసాయ కళాశాల, లాం ఫారం చేరువలోనే ఉండగా ఇది అసాధ్యం కాదు. నీటిలో ఏమున్నదో అంకెల్లో తెలిస్తే మెట్ట రైతు మీద నింద పడినా, తొలగినా న్యాయంగా జరుగుతుంది.

జనం తమంత తాము కట్టుబాటు పాటించలేరన్న మాట ఈ ప్రాంతానికి వర్తించదు. 1921-22లో పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వంలో పన్ను కట్టకుండా నిలిచారు. శాంతిసేన పేరుతో గ్రామాల్లో క్రమశిక్షణ తామే చూసుకున్నారు. ఆస్తులు జప్తు చేస్తామన్నా చెదరలేదు. అంత పెద్ద ప్రభుత్వాన్ని ఎదిరించడానికి కూడిన గ్రామాలు, వాగులో మందు డబ్బా కడగరాదన్న చిన్న నియమానికి కూడలేవా?

నల్లమడ వాగు పొంగినప్పుడు చేలు మునిగిన సంగతి మాత్రమే ఇన్నాళ్లూ అర్జీల్లోకి ఎక్కింది. పూడిక తీయాలన్న కోరిక న్యాయమైనదే. ఆ అర్జీలోనే, వాగు మోసుకుపోయే నీటి మంచిచెడ్డల సంగతి కూడ ఒక వాక్యం చేర్చవలసిన సమయం వచ్చింది. ఎగువ రైతు పొలం మీది వాన చివరికి ఒక పేదవాడి పీతల ఏటికి చేరుతున్నదన్న సంగతి ఆ వాక్యంలో ఉంటే చాలు. రెండు జిల్లాల అధికారులు వచ్చే వర్షాకాలం లోపుగానైనా కదలాలని ఉభయ ప్రాంతాల వారూ కోరుతున్నారంటే అందులో ఆశ్చర్యపడవలసినది లేదు.